టీలో పది చుక్కలు

జాషువా టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు గాని తాగలేదు. ముందు వాసన చూశాడు. తర్వాత కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు. సగం టీ సాసరులో పోసి, పక్కన కూర్చుని హోంవర్క్ రాసుకుంటున్న కూతురి ముందుకు జరిపాడు.

"తాగమ్మా," అన్నాడు.

ఆరేళ్ల పిల్ల. నాన్న ఇన్నాళ్లకి తనతో మాట్లాడాడన్న సంబరంతో సాసరు ఎత్తింది. వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న షారోన్ ఒక్క అంగలో వచ్చి పిల్ల చేతిలోంచి సాసరు లాగేసింది. టీ అంతా నోటుబుక్కు మీద ఒలికిపోయింది.

"పిల్లకి టీ ఏంటండీ? రాత్రి నిద్రపోద్దా?" అంది షారోన్. కోప్పడబోయింది గాని అతని వైపు చూడలేకపోయింది.

జాషువా భార్య ముఖంలోకి చాలాసేపు చూశాడు. లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. స్టేషన్ రోడ్డు హోటల్లో తిని, సీలు తీయని నీళ్ల సీసాలు కొనుక్కుని తాగాడు. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఇరుగుపొరుగు అతనికి పిచ్చి ముదిరిందనుకున్నారు.

షారోన్‌కీ, జాషువా అక్క గ్రేస్‌కీ మాత్రం తెలుసు, ఆ టీలో నిజంగానే మందు ఉందని.

తండ్రి జ్ఞానప్రకాశం సామర్లకోట నుంచి వచ్చి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరినవాడు. ఆయన పోయేనాటికి గ్రేస్‌కి ఇరవై రెండు, జాషువాకి పదమూడు. అప్పుడే నర్సుగా చేరిన గ్రేస్ తమ్ముణ్ణి చదివించింది, పరీక్షలకి కూర్చోబెట్టింది. అతను గూడ్సు బండి నడిపే లోకో పైలట్ అయ్యేదాకా తన పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. ఆ తర్వాత ఎత్తేవాళ్లు లేకపోయారు. తమ్ముడి క్వార్టరుకి రెండు వీధుల అవతల చిన్న ఇల్లు తీసుకుని ఒక్కతే ఉంటుంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ నర్సు.

ఆ జనవరిలో, మంచు కమ్ముకున్న ఒక తెల్లవారుజామున, మందిర్ హసౌద్ స్టేషన్ దాటాక జాషువా బండి కింద ఒక మనిషి పడ్డాడు. సైకిలు ఎత్తుకుని పట్టాలు దాటుతున్నాడు. జాషువా హారన్ కొట్టాడు, బ్రేకు వేశాడు. బొగ్గు నిండిన గూడ్సు బ్రేకు వేసిన చోట ఆగదు. ఆగిన తర్వాత దిగి వెనక్కి నడిచి వెళ్లి చూసింది కూడా అతనే. విచారణలో తప్పేమీ లేదని తేల్చారు. కానీ అతనికి నిద్ర పోయింది. కళ్లు మూస్తే సైకిలు ఇంజిన్‌కి తగిలిన చప్పుడే. ఆకుపచ్చ మఫ్లర్ వేసుకున్నవాడొకడు రోజూ కాలనీ గేటు దగ్గర నిలబడుతున్నాడనీ, వాడు చచ్చిపోయినవాడి మనిషేననీ అనడం మొదలుపెట్టాడు. నడుం నొప్పని చెప్పి సెలవు పెట్టాడు.

గ్రేస్ భయపడింది. ఇంజిన్ నడిపేవాడికి మతి చెడిందని రైల్వే డాక్టర్ల చెవిన పడితే ఇంజిన్ నుంచి దింపేస్తారు. పాతికేళ్లు తను మోసుకొచ్చిందంతా ఒక్క కాగితంతో పోతుంది. ఆసుపత్రిలో ఆమె చూసిన మందు ఒకటుంది. మనసు జబ్బులకి ఇచ్చే, రంగూ రుచీ లేని చుక్కలు. మందు మింగని రోగులకి ఇంట్లోవాళ్లు అన్నంలోనో పాలల్లోనో కలిపి పెడతారు. తెలిసిన మందుల షాపులో డాక్టర్ చీటీ లేకుండానే ఒక సీసా తెచ్చింది.

"నడుం నొప్పి మందని చెప్పినా వాడు మింగడు. టీలో వెయ్యి. రోజుకి ఆరు చుక్కలు," అని షారోన్ చేతిలో పెట్టింది.

"ఆయనకి చెప్పకుండానా వదినా?"

"చెప్తే ఒప్పుకుంటాడా? నేను నర్సుని షారోన్. వాడికి చెడు చేస్తానా?"

మొదటి రెండు వారాలూ జాషువా నిద్రపోయాడు. గ్రేస్ దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. ఆ తర్వాత అతని నడక మారింది. అడుగులు చిన్నవయ్యాయి. కూర్చుంటే కాళ్లు ఒకచోట నిలిచేవి కావు, లేస్తే చేతులు ఊగేవి కావు. నిద్రలో దిండు తడిసేది. "నా ఒంట్లో ఏదో కలుస్తోంది. ఎవరో కలుపుతున్నారు," అన్నాడు. జబ్బు పెరుగుతోందనుకున్న గ్రేస్ ఆరు చుక్కలని పది చేయించింది.

సాసరు సంగతి జరిగిన మూడో రోజు మధ్యాహ్నం జాషువా అక్క ఇంటికి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"అక్కా, హోటల్ తిండి పడట్లేదు. నీ చేత్తో రెండు ముద్దలు పెడతావా? ఇంకెవర్నీ నమ్మలేను," అన్నాడు. "షారోన్ నాకేదో కలుపుతోంది. పక్కా. పిల్లకి తాగమని ఇస్తే లాక్కుంది. కంటితో చూశాను."

గ్రేస్ ఆ క్షణాన చెప్పేసి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ రెండు రోజులుగా మందు పడలేదు, ఈ మాటలన్నీ అందుకేనని తనకి తానే నచ్చజెప్పుకుంది. వంటింట్లోకి వెళ్లింది. షారోన్ దగ్గర సీసా అయిపోతే ఇద్దామని తెచ్చిపెట్టిన రెండో సీసా అలమరలో ఉంది. మజ్జిగ గ్లాసులో పది చుక్కలు లెక్కపెట్టి వేసింది. తన చేత్తో వేయడం అదే మొదలు. జాషువా వాసన చూడకుండా, వెలుతురుకి ఎత్తకుండా, గటగటా తాగేశాడు.

తిన్నాక చెప్పాడు. "సూరిబాబు ఒక డాక్టర్ని చెప్పాడు. నళిని గారంట, మనవాళ్లే, భిలాయిలో పుట్టి పెరిగారంట. మనసు జబ్బులు చూస్తారు. నాకు పిచ్చో, నా ఇంట్లో గడ్‌బడ్ జరుగుతోందో తేల్చుకోవాలి. వచ్చే సోమవారం ఫిట్ సర్టిఫికెట్ తీసుకుని డ్యూటీ ఎక్కాలి. నువ్వు తోడు రా."

సూరిబాబు అతనితో పనిచేసే డ్రైవరు. గ్రేస్ తనకి తెలిసిన డాక్టర్ దగ్గరికి వెళ్దామంది. జాషువా తల అడ్డంగా ఊపాడు. "నీకు తెలిసినవాళ్లు వద్దు. నాకు తెలిసినవాళ్లూ వద్దు."

డాక్టర్ నళినికి యాభై ఏళ్లుంటాయి. జాషువా గుమ్మం దగ్గర నుంచి కుర్చీదాకా నడిచి వస్తుంటే ఆమె కళ్లు అతని చేతుల మీదే ఉండడం గ్రేస్ కనిపెట్టింది. అప్పటినుంచే ఆమెకి ఆ డాక్టర్ అంటే అనుమానం పట్టుకుంది.

యాక్సిడెంటు గురించి, నిద్ర గురించి, మఫ్లర్ మనిషి గురించి డాక్టర్ ఓపిగ్గా అడిగింది. ఆ తర్వాత లేచి వచ్చి జాషువా మోచేతిని ఒక చేత్తో పట్టుకుని, మణికట్టుని ఇంకో చేత్తో మెల్లగా వంచి చాపింది. చెయ్యి సాఫీగా కదల్లేదు. గేరు పళ్ల మీద ఎక్కి దిగుతున్నట్టు టకటకమని ఆగి ఆగి కదిలింది. అలాంటి మందు ఒంటిని బిగిస్తే చెయ్యి అలా కదులుతుందని గ్రేస్‌కీ తెలుసు. వార్డులో చాలామందిలో చూసింది. ఇంట్లో ఇన్నాళ్లూ చూడకూడదనుకుంది.

"ఏమేం మందులు వాడుతున్నారు?" అడిగింది డాక్టర్.

"ఏమీ లేవు," అన్నాడు జాషువా.

"వాంతులకి గాని, కడుపుబ్బరానికి గాని? వాటిలో కొన్ని కూడా ఒంటిని ఇలా బిగిస్తాయి."

"లేదండీ."

డాక్టర్ గ్రేస్ వైపు తిరిగింది. "మీరు నర్సు అన్నారు. మీకు తెలిసి ఏమైనా?"

"ఏమీ లేదు డాక్టర్ గారూ," అంది గ్రేస్. వెంటనే కలిపింది, "అనుమానం బాగా ఎక్కువైపోయింది. దానికేదైనా రాయండి."

"అనుమానానికి మందు ఉంది," అంది డాక్టర్. "కానీ ఆయన ఒంట్లో ఇప్పటికే ఏముందో తెలియకుండా దాని మీద ఇంకొకటి వెయ్యను. అనుమానం ఉన్నంత మాత్రాన ఆయన చెప్పేదంతా అబద్ధమని కూడా ముందే అనుకోను." జాషువాతో అంది, "ఈ రోజు ఏమీ రాయట్లేదు. శనివారం మీ ఆవిడని కూడా తీసుకురండి. ఇంట్లో ఉన్న మందులన్నీ, ఖాళీ సీసాలతో సహా సంచిలో వేసి పట్టుకురండి."

బయటికొచ్చాక గ్రేస్ ఆటోలో గొణిగింది. "ఏం డాక్టర్ రా! గంటసేపు కూర్చోబెట్టి ఒక్క మాత్ర రాయలేదు. రాసుకుందంతా ఎవరికి పంపుతుందో ఏంటో. రైల్వేవాళ్లకి తెలిస్తే?"

జాషువా మొదటిసారి కాస్త తేలికపడ్డట్టు కనిపించాడు. "నేను చెప్పింది అబద్ధమని అనుకోనంది అక్కా. విన్నావు కదా?"

శుక్రవారం మధ్యాహ్నం షారోన్ గ్రేస్ ఇంటికి వచ్చింది. ముందుగదిలో జాషువా కూలర్ ఎదురుగా పడుకుని ఉన్నాడు. భార్యని చూసి గోడవైపు తిరిగాడు. షారోన్ నేరుగా వంటింట్లోకి వెళ్లేసరికి గ్రేస్ చేతిలో సీసా, ముందు మజ్జిగ గ్లాసు ఉన్నాయి.

షారోన్ వంటింటి తలుపు దగ్గరగా వేసింది. తర్వాత గొంతు తగ్గించి అంది, "మీరు ఆపేశారనుకున్నాను వదినా."

"డ్యూటీ ఎక్కేదాకా. ఆ తర్వాత తగ్గిద్దాం."

"ఆయన నన్ను హంతకురాల్ని చూసినట్టు చూస్తున్నాడు. పిల్లని నా దగ్గర పడుకోనివ్వట్లేదు. మీ ఇంట్లో మాత్రం ధైర్యంగా అన్నం తింటున్నాడు. ఇదేం న్యాయం?"

"అంతా వాడి కోసమే కదే."

"సోమవారం ఇంజిన్ ఎక్కుతాడు. వెనకాల యాభై ఎనిమిది వ్యాగన్లుంటాయి. సిగ్నల్ చూడాల్సిన కళ్లు మూతలు పడుతుంటే? బ్రేకు మీద ఆ చెయ్యి బిగుసుకుపోతే? మళ్లీ ఎవడో సైకిలెత్తుకుని పట్టాలు దాటితే?"

ఉద్యోగం కాపాడడమే తప్ప, ఆ ఉద్యోగంలో అతను ఏం చేస్తాడన్నది గ్రేస్ ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మజ్జిగ గ్లాసు సింకులో పారబోసింది. కానీ సీసా పారేయలేదు. మర్నాడు డాక్టర్ నళిని దగ్గరికి బయల్దేరేముందు, ఎందుకో తనకే తెలియకుండా, దాన్ని చేతిసంచిలో వేసుకుంది. ఆ పొద్దున జాషువా టిఫిన్‌కి వస్తే అతనికేమీ కలపలేదు. అతను తింటున్నంతసేపూ ఆమె చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది.

శనివారం డాక్టర్ నళిని సంచిలోవన్నీ బల్ల మీద పరిచింది. జ్వరం మాత్రలు, నడుం నొప్పి ట్యూబు, పాప దగ్గు మందు.

"ఇంతేనా?"

షారోన్ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. డాక్టర్ ఆ వేలినీ చూసింది, గ్రేస్ ముఖాన్నీ చూసింది. జాషువానీ షారోన్‌నీ రెండు నిమిషాలు బయట కూర్చోమంది.

తలుపు పడ్డాక అడిగింది, "ఏ మందు, గ్రేస్ గారూ? ఎన్నాళ్ల నుంచి?"

గ్రేస్ సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. అన్నీ చెప్పింది. ఆరు చుక్కలు, పది చుక్కలు, టీ, మజ్జిగ. డాక్టర్ తేదీలు రాసుకుంది. ఆఖరుసారి ఎప్పుడని అడిగి అదీ రాసుకుంది.

"నిద్ర లేదన్నాడని నిద్ర పట్టించారు. ఎవరో కలుపుతున్నారని అనుమానపడితే చుక్కలు పెంచారు. కానీ ఆ అనుమానం మీ చుక్కల వల్లే వచ్చింది కదండీ? దాన్ని తగ్గించడానికి అవే పెంచుతూ పోయారు," అంది డాక్టర్. గొంతు పెంచలేదు గాని ముఖం గట్టిపడింది. "ఇప్పుడు ఆయనకి చెప్పాలి. నేను చెప్పను. మీరే చెప్పాలి."

"చెప్తే నన్నింక జన్మలో నమ్మడు డాక్టర్ గారూ. నాకున్నది వాడొక్కడే."

"చెప్పకపోతే ఆయన తన కళ్లనీ నాలుకనీ నమ్మడం మానేస్తాడు. అలాంటి మనిషికి నేనే మందిచ్చి ఏం లాభం?"

జాషువా, షారోన్ వచ్చి కూర్చున్నారు. గ్రేస్ అతని వైపు చూడలేక సీసా వైపు చూస్తూ చెప్పింది. "తమ్ముడూ, షారోన్ తప్పేం లేదు. నేనే తెచ్చిచ్చాను. నేనే వెయ్యమన్నాను."

అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అడిగింది ఒక్కటే.

"నీ ఇంట్లో కూడానా?"

"ఊఁ."

"పప్పులోనా?"

"మజ్జిగలో."

జాషువా బల్ల మీది సీసా చేతిలోకి తీసుకుని పేరు చదివాడు. తర్వాత, "అయితే నేను అబద్ధం చెప్పలేదు," అన్నాడు డాక్టర్‌తో. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి గాని ముఖం బిగుసుకుపోయి ఉండడంతో ఏడుస్తున్నట్టు కూడా లేదు. షారోన్ వైపు తిరిగాడు. షారోన్ అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను తీయలేదు. గ్రేస్ కూడా చెయ్యి చాపింది. అతను కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

చుక్కలు ఆ రోజుతో ఆగిపోయాయి. బిగుతు వదలడానికి రెండు మూడు వారాలు పడుతుందని డాక్టర్ చెప్పింది. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పింది. "ఆహారం విషయంలో మీరన్నది నిజం. కానీ నిద్ర పట్టకపోవడం, ఆ చప్పుడు, గేటు దగ్గర మనిషి, ఇవి చుక్కలకి ముందే ఉన్నాయి. యాక్సిడెంటు మిమ్మల్ని వదల్లేదు. దానికి వైద్యం కావాలి. మాట్లాడడం ఒకటి, మాత్ర ఒకటి. రెండోది ఎప్పుడన్నది మీ ఇష్టం."

"మాత్ర వద్దు," అన్నాడు జాషువా.

"సరే వద్దు. వారం వారం వచ్చి మాట్లాడండి. కానీ సోమవారం ఇంజిన్ ఎక్కకూడదు. దాంట్లో మాత్రం బేరం లేదు."

అతను డాక్టర్‌ని కూడా వెంటనే నమ్మలేదు. ఆమె ఇచ్చిన ప్రతి కాగితాన్నీ సూరిబాబుకి చూపించేవాడు. అక్క ఆమెకి ఫోన్ చేస్తోందా అని రెండుసార్లు అడిగాడు. చేసిందనీ, రోగి ఒప్పుకోనిదే ఏమీ చెప్పనని ఫోన్ పెట్టేశాననీ డాక్టర్ చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి షారోన్ చేతి టీ తాగాడు.

నడక తిరిగొచ్చింది, కానీ రాత్రిళ్లు అలాగే ఉన్నాయి. ఐదో వారం తనే అడిగాడు, "ఆ మాత్ర సంగతి చెప్పండి." డాక్టర్ అరగంట చెప్పింది. దాని పేరేంటో, ఎందుకో, మొదటి పది రోజులు కడుపులో తిప్పినా ఎందుకు కంగారు పడక్కర్లేదో, గుణం కనబడడానికి నెల ఎందుకు పడుతుందో, మనసు ఇంకా చెడితే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలో. సగం మాత్రతో మొదలుపెడదామంది, నచ్చకపోతే చెప్పి మానేయొచ్చంది. జాషువా చీటీని ఫోటో తీసుకున్నాడు. దగ్గర్లో షాపులన్నీ వదిలేసి, ఎవరూ తెలియని భన్‌పురి దాకా వెళ్లి కొన్నాడు. మాత్రల అట్ట తనే చించాడు. మాత్ర తనే సగం చేశాడు.

మఫ్లర్ మనిషి దగ్గరికి కూడా ఒకరోజు తనే వెళ్లాడు. వేసవి కాబట్టి వాడి మెడలో మఫ్లర్ లేదు, మనిషి వాడే. "భయ్యా, రోజూ ఇక్కడెందుకు నిలబడతావు?" అని హిందీలో అడిగాడు. ధర్సీవాలో ఉన్న తన ఫ్యాక్టరీకి వెళ్లే బస్సు ఇక్కడే ఎక్కుతానని వాడు చెప్పాడు. బస్సు వచ్చేదాకా జాషువా అక్కడే నిలబడ్డాడు. వచ్చింది, వాడు ఎక్కాడు. ఆ వారం డాక్టర్‌కి ఈ సంగతి చెప్తూ నవ్వాడు గాని, ఆ పది నిమిషాల్లో చెమటకి చొక్కా తడిసిపోయిందని కూడా చెప్పాడు.

రైల్వే డాక్టర్‌కి యాక్సిడెంటు తర్వాత జరిగిందంతా తనే రాసిచ్చాడు. ఇంజిన్ నుంచి దింపి, డ్రైవర్లకి డ్యూటీలు వేసే ఆఫీసులో కూర్చోబెట్టారు. మళ్లీ ఎక్కనిస్తారో లేదో ఎవరూ చెప్పలేదు. గ్రేస్ భయపడిందే జరిగింది. అయినా జాషువా రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్తున్నాడనీ, పాప నాన్న పక్కనే పడుకుంటోందనీ షారోన్ ఆదివారాలు చర్చి దగ్గర చెప్తుంటే, ఆ భయంతో తను ఎంత చేసిందో గ్రేస్‌కి తెలిసొచ్చేది. జాషువా మాత్రం ఆమెతో మాట్లాడేవాడు కాదు. ప్రార్థన అయ్యాక వేరే గేటు నుంచి వెళ్లిపోయేవాడు.

నవంబరులో ఒక సాయంత్రం అతని దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, నళిని గారు మాత్ర కొంచెం పెంచుదామా అంటున్నారు. నువ్వేమంటావు?"

గ్రేస్‌కి మందు తెలుసు, మోతాదూ తెలుసు. జవాబు నాలుక మీదే ఉంది. మింగేసింది.

"నీకెలా ఉంటోందిరా?" అని మాత్రం అడిగింది.

అతను చెప్పడం మొదలుపెట్టాడు. వారంలో ఎన్ని రాత్రులు నిద్ర పడుతోందో, ఎప్పుడు మెలకువ వస్తోందో, ఆ చప్పుడు ఇప్పుడు దూరం నుంచి వినబడుతోందనీ. గ్రేస్ ఇరవై నిమిషాలు వింది.

"ఇంకో నెల ఇలాగే చూద్దామని చెప్తాను," అని అతనే అన్నాడు చివరికి. "ఆవిడ కాదనరు. మనం ఏదన్నా వింటారు."

"సరే తమ్ముడూ."

అతనే మళ్లీ అన్నాడు, "నీ ఇంటికి మాత్రం ఇప్పుడే రాలేనక్కా. కాళ్లు రావట్లేదు."

"వచ్చినప్పుడే రా," అంది గ్రేస్. "ఫోన్ చేస్తావు కదా?"

"చేస్తాను," అన్నాడు జాషువా.